క్రొయేషియా రేవుపట్నం రియెకా: దానిని పోషించినది సముద్రమా, వెనుకనున్న నేలా?

#1 ఉత్తరతీరం

సభ్యులందరికీ నమస్కారం. క్రొయేషియా అనగానే మనలో చాలామందికి దుబ్రోవ్నిక్ కోటగోడలో, ఫుట్‌బాల్ జట్టు వేసుకొనే ఎరుపు తెలుపు గళ్ల చొక్కాలో గుర్తుకు వస్తాయి. ఆ దేశపు అతిపెద్ద రేవుపట్నమైన రియెకా గురించి తెలుగులో చర్చ జరగడం నేను చూడలేదు కనుక ఈ అంశాన్ని ప్రారంభిస్తున్నాను.

పేరుతోనే మొదలుపెడతాను. క్రొయేషియన్‌లో రియెకా అన్నా, ఇటాలియన్‌లో ఫ్యూమే అన్నా అర్థం ఒక్కటే: ఏరు. కొండల నుంచి దిగివచ్చే ర్యెచినా అనే చిన్న ఏరు ఊరిని ఒరుసుకుంటూ సముద్రంలో కలుస్తుంది. పేరుకు అర్థమేమిటన్న విషయంలో ఏకాభిప్రాయం ఉన్న ఆ రెండు భాషలవారికీ ఊరు ఎవరిదన్న విషయంలో మాత్రం ఏనాడూ పొసగలేదు.

రియెకాను పెంచినది సముద్రం కాదనీ, దాని వెనుక ఉన్న నేల అనీ నా వాదన. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఆరవ చార్లెస్ 1719లో ట్రియెస్టేతో పాటు రియెకాను కూడా స్వేచ్ఛా రేవుగా, అంటే సుంకాలు లేని రేవుగా ప్రకటించేదాకా అది కొండకూ నీటికీ నడుమ ఇరుక్కున్న చిన్న ఊరు. 1779లో మరియా థెరీసా దానిని హంగరీ కిరీటం కిందకు ఒక ప్రత్యేక ఖండంగా చేర్చింది. సొంత తీరం లేని హంగరీకి దొరికిన వాకిలి అదొక్కటే. 1868లో హంగరీకీ క్రొయేషియాకూ ఒప్పందం కుదిరినప్పుడు, రియెకా సంగతి ఇంకా తేలలేదని క్రొయేషియన్ ప్రతి చెబుతుండగా, అది తమదేనని హంగరీ ప్రతి చెప్పింది. చివరకు క్రొయేషియన్ ప్రతిలోని ఆ భాగం మీద హంగరీ పాఠానికి అనువాదం రాసిన చిన్న కాగితం ముక్కను అతికించి తగవు తీరిందనిపించారు. క్రొయేషియా చరిత్రకారులు ఈనాటికీ ఆ వ్యవహారాన్ని "రియెకా అతుకు" అనే పిలుస్తారు. ఒక రేవుపట్నం భవితవ్యం జిగురుతో తేలిపోవడం మరెక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు.

1873లో రైలు వచ్చింది. బుడాపెస్ట్ మైదానాల గోధుమపిండి, కలప రేవుకు చేరాయి, గిడ్డంగులు లేచాయి, కొట్టుకువచ్చే అలలను ఆపడానికి 1,700 మీటర్లకు పైగా పొడవున్న అడ్డుకట్ట కట్టారు. లోతట్టు రాజధానికి ఆ వాకిలి అవసరమైనంత కాలం ఊరు వెలిగింది, సరిహద్దు అడ్డం పడినప్పుడల్లా వాడిపోయింది. సభ్యులు అంగీకరించినా, ఖండించినా సంతోషమే.

#2 జలగర్భం

ఉత్తరతీరం గారూ, మీ వాదనలో సగం ఒప్పుకుంటాను. విశాఖపట్నంలో టార్పెడోలకు సంబంధించిన పనిలోనే ఉద్యోగజీవితం గడిపినవాడిని కనుక రియెకా పేరు నాకు ముప్పై ఏళ్లుగా పరిచయమే. ప్రపంచంలో మొట్టమొదటి స్వయంచలిత టార్పెడో పుట్టిన ఊరు అది. దానిని పుట్టించినది గోధుమపిండి రైలు కాదు.

కథ తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. రియెకాలోనే పుట్టిన జొవాన్నీ లుప్పిస్ అనే విశ్రాంత నౌకాధికారికి, తీరం మీద నుంచి తాళ్లతో నడిపించగలిగే, పేలుడు పదార్థం నింపిన చిన్న పడవ ఒకటి చేయాలన్న ఆలోచన ఉండేది. దానికి "తీర రక్షకుడు" అని పేరు పెట్టుకున్నాడు. స్థానిక కర్మాగారానికి నిర్వాహకుడిగా ఉన్న రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు ఆ నమూనాతో కొంతకాలం కుస్తీపట్టి, నీటి మీద తేలే పడవతో పని కాదని తేల్చుకొని, నీటి అడుగున సంపీడిత వాయువుతో నడిచే ఆయుధాన్ని 1866లో తయారుచేశాడు. దానిని నడపడం కంటే ఒకే లోతులో నిలపడం కష్టమైంది. తొలి ప్రయోగాలలో అది ఒకసారి నీటిపైకి లేచేది, మరొకసారి అడుగుకు కూరుకుపోయేది. నీటి ఒత్తిడిని గ్రహించే కవాటాన్నీ, ముక్కు పైకెత్తినదో కిందకు వాలినదో గ్రహించే లోలకాన్నీ కలిపి, ఆ రెండింటి చేత వెనుక చుక్కానిని తిప్పించడం వైట్‌హెడ్ కనిపెట్టిన కిటుకు. కొనుగోలుదారులతో ఒప్పందం కుదిరేదాకా ఆ భాగాన్ని ఎవరికీ చూపించలేదు, దానిని "రహస్యం" అనే పిలిచేవారు. 1870లో బ్రిటిష్ నౌకాదళం పరీక్షించి చూసి, మరుసటి ఏడాది తయారీ హక్కులు కొనుక్కున్నది. ఒత్తిడిని కొలిచి లోతును సరిదిద్దుకోవడమనే సూత్రాన్ని మేము కొలువులో చేరిన తొలి వారాలలోనే నేర్చుకున్నాము. ఇప్పుడు విశాఖలోని ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర వంటి భారీ టార్పెడోలో ఆ పనిని ఎలక్ట్రానిక్ పరికరాలు చేస్తున్నా, అడిగే ప్రశ్న మాత్రం అదే: నేను ఎంత లోతులో ఉన్నాను?

మరొక సంగతి. రియెకాలో నౌకాదళ విద్యాలయం ఉండేది. అక్కడి ఆచార్యుడు పీటర్ జాల్చర్, ధ్వని కంటే వేగంగా పోయే తూటా చుట్టూ గాలిలో ఏర్పడే తరంగాన్ని 1886లో ఛాయాచిత్రంగా తీశాడు. అలా తీసి చూడమని అడిగినవాడు ఎర్నెస్ట్ మాక్. విమానాల వేగానికి మనం వాడే మాక్ సంఖ్య ఆయన పేరు మీదిదే. ఇంతటి పరిజ్ఞానం ఒక ఊరిలో పోగుపడడానికి రైలుమార్గం ఒక్కటే కారణమంటే నేను నమ్మను.

#3 ఉత్తరతీరం

జలగర్భం గారూ, లోతు విషయం ఇంత తేటగా నేను ఎక్కడా చదవలేదు, ధన్యవాదాలు. అయినా ఒక్క మాట. నౌకాదళ విద్యాలయాన్ని అక్కడ పెట్టినది వియన్నా ప్రభుత్వం. ఊరిలోని నౌకానిర్మాణశాలకు పెద్ద యుద్ధనౌకల పని తెచ్చిపెట్టినది బుడాపెస్ట్ రాజకీయం. 1914 జనవరిలో అక్కడ జలప్రవేశం చేసిన సెంట్ ఇష్ట్వాన్ అనే మహానౌకను హంగరీకి వాటా దక్కాలన్న పట్టుదల వల్లనే రియెకాలో కట్టారు. 1918 జూన్‌లో ఇటలీకి చెందిన ఒక చిన్న మోటారు పడవ వదిలిన టార్పెడోలు తగిలి అది మునిగిపోయింది. ఊరు కన్న రెండింటిలో ఒకటి రెండవదానిని మింగిందన్నమాట.

#4 కోరంగి కథలు

రైలు, టార్పెడో అంటూ మీరిద్దరూ పెద్ద వస్తువుల మీదే వాదించుకుంటున్నారు. నాకు బియ్యం గురించి చెప్పాలని ఉంది. 1880ల మొదట్లో రియెకాలో బియ్యం దంచే పెద్ద మిల్లు ఒకటి వెలిసింది. సూయెజ్ కాలువ తెరుచుకున్న తరువాత బర్మా నుంచి ఓడల్లో వచ్చే పొట్టు బియ్యాన్ని అక్కడ తెల్లగా మరపట్టి, మధ్య ఐరోపాకు రైలులో పంపేవారు, నూకల నుంచి గంజిపొడి తీసేవారు. ఆ రోజులలో రంగూన్ రేవులోనూ మిల్లులలోనూ బస్తాలు మోసినవారిలో అత్యధికులు గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారే; బర్మావారు వారిని కోరంగీలని పిలిచేవారు. మా తాతగారి తండ్రి ఆ బస్తాల కిందనే వంగిపోయాడని ఇంట్లో చెప్పుకొనేవారు. ఆయన మోసినది ఏ ఓడకు చేరిందో ఎవరికీ తెలియదు గానీ, ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న ఆ మిల్లు గురించి చదివినప్పుడు నాకు ఆ ఊరు అంత పరాయిదిగా అనిపించలేదు.

ఇక ఆ రేవు నుంచి బయటకు పోయినది సరుకు మాత్రమే కాదు. 1903 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా క్యూనార్డ్ కంపెనీ ఓడలు రియెకా నుంచి న్యూయార్క్‌కు వలస జనాన్ని తరలించాయి. హంగరీ, క్రొయేషియా, స్లొవాకియా పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు మూటలతో రేవులో రోజుల తరబడి ఎదురుచూసేవి. అమెరికా చేరాక వైద్యపరీక్షలో తప్పి వెనక్కి తిరగవలసిన దుస్థితి ఎంతోమందికి కలగడం చూసి, ఓడ ఎక్కకముందే పరీక్ష జరగవలసిందేనని పట్టుబట్టిన యువ అమెరికన్ కాన్సులర్ ఉద్యోగి ఒకడు అక్కడ ఉండేవాడు. అతడే ఫియొరెల్లో లా గ్వార్డియా, తరువాతి కాలంలో న్యూయార్క్ మేయరు. టైటానిక్ బాధితులను 1912 ఏప్రిల్‌లో రక్షించిన కార్పేథియా ఓడ కూడా ఈ మార్గంలోనిదే. ఆ రాత్రి అది న్యూయార్క్ నుంచి ఫ్యూమేకు తిరుగుప్రయాణంలో ఉన్నది.

#5 చరిత్ర పుటలు

సరిహద్దు అడ్డం పడితే ఊరు వాడిపోయిందని ఉత్తరతీరం గారు ఒక్క వాక్యంలో దాటవేశారు. అసలు కథ అక్కడే ఉన్నది కాబట్టి కొంచెం విస్తరించి రాస్తున్నాను.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఆస్ట్రియా-హంగరీ చీలిపోయాక ఇటలీ, కొత్తగా ఏర్పడిన యుగొస్లావియా రెండూ రియెకా కోసం చేయిచాచాయి. 1919 సెప్టెంబరు 12న ఇటాలియన్ కవి గాబ్రియేలే దానున్‌జియో తిరుగుబాటు సైనికులతో ఊరిలోకి ప్రవేశించి, దాదాపు పదహారు నెలలు దానిని తన చేతిలో ఉంచుకున్నాడు. బాల్కనీ నుంచి ఉపన్యాసాలు, నల్లచొక్కాలు, చేయెత్తి చేసే వందనం, జనం చేత చేయించే నినాదాలు: ముస్సోలినీ తరువాత వాడుకున్న సరంజామాలో ఎక్కువ భాగం ఇక్కడ అభ్యాసం చేసినదే. సంగీతాన్ని రాజ్యానికి మూలసూత్రంగా ప్రకటించిన రాజ్యాంగం కూడా ఆయన హయాంలోనే వెలువడింది కనుక కొందరు రచయితలు ఆ రోజులను ఏదో కళాకారుల ఉత్సవంలా వర్ణిస్తుంటారు. ఆ పదహారు నెలలలో రేవు మూతపడి కూలీలకు పని లేకపోవడాన్నీ, ఇటాలియన్లు కానివారి దుకాణాల మీద దాడులు జరగడాన్నీ వారు పక్కన పెడతారు. నాకైతే ఆ మెచ్చుకోలు ఏమాత్రం గిట్టదు.

1920 నవంబరులో రపాల్లో ఒప్పందం రియెకాను స్వతంత్ర రాజ్యంగా గుర్తించింది. దానున్‌జియో కదలకపోవడంతో క్రిస్మస్ నాళ్లలో ఇటలీ సైన్యమే ఫిరంగులు పేల్చి ఆయనను సాగనంపింది. ఆ స్వతంత్ర రాజ్యం కూడా నిలువలేదు. దాని అధ్యక్షుడు రికార్దో జానెల్లాను 1922 మార్చిలో ఫాసిస్టులు పడగొట్టారు, 1924 రోమ్ ఒప్పందంతో ఊరు ఇటలీలో కలిసింది. ఏటి తూర్పు గట్టున ఉన్న సూషాక్ యుగొస్లావియాకు దక్కింది. ర్యెచినా మీది వంతెన నడుమ దేశాల సరిహద్దు వెలిసింది. అటు సూషాక్‌లో క్రొయేషియన్ బడి, దీనార్లు. ఇటు ఫ్యూమేలో ఇటాలియన్ బడి, లీరాలు. ఏటికి అవతల ఉన్న మేనత్త ఇంటికి పోవాలన్నా గుర్తింపు కాగితం చూపించవలసిందే. సూషాక్ రేవు యుగొస్లావియా సరుకుతో కళకళలాడింది. ఇటలీకి అప్పటికే ట్రియెస్టే, వెనిస్, జెనోవా ఉన్నాయి కనుక ఫ్యూమేకు కొత్తగా పంపడానికి సరుకేమీ మిగలలేదు. ఉత్తరతీరం గారి వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు: సముద్రం అదే, అడ్డుకట్ట అదే, వెనుక నేల మాత్రం లేదు.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత, 1947 పారిస్ ఒప్పందంతో ఊరంతా యుగొస్లావియాదైంది, రెండు గట్లూ ఒకటయ్యాయి. ఆ ఏళ్లలోనే ఇటాలియన్ మాట్లాడేవారిలో అధికసంఖ్యాకులు ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. విచిత్రమేమిటంటే, అదే సమయంలో సోషలిజం మీద నమ్మకంతో ఇటలీలోని మొన్‌ఫల్కోనే నౌకానిర్మాణ కార్మికులు ఎదురు దిశలో రియెకాకు వచ్చారు. 1948లో యుగొస్లావియా నాయకుడు టిటోకూ స్టాలిన్‌కూ చెడినప్పుడు స్టాలిన్ పక్షం వహించిన ఆ కార్మికులలో చాలామంది వేధింపుల పాలయ్యారు. మిగిలిన ఇటాలియన్ సమాజం చిన్నదే అయినా, 1944లో పుట్టిన "లా వోచే దెల్ పోపొలో" అనే ఇటాలియన్ దినపత్రిక రియెకా నుంచి వెలువడుతూనే ఉన్నది. 1910లకు ముందు పుట్టి దీర్ఘాయువు పొందిన ఒక వృద్ధురాలు ఇల్లు కదలకుండానే ఆస్ట్రియా-హంగరీ, స్వతంత్ర ఫ్యూమే, ఇటలీ, యుగొస్లావియా, క్రొయేషియా పౌరురాలై ఉండవచ్చు. నడుమ సాగిన జర్మన్ ఆక్రమణను నేను లెక్కించలేదు.

#6 గద్ద బొమ్మ

చరిత్ర పుటలు గారికి చిన్న చేర్పు. ఊరి గడియారపు గోపురం మీద రెండు తలల గద్ద ఉంటుంది. 1659లో లియొపోల్డ్ చక్రవర్తి ఇచ్చిన చిహ్నంలోనిది అది. గద్ద కాళ్ల కింద నీరు ఒలుకుతున్న కుండ, దాని పక్కన "తరగనిది" అనే అర్థం వచ్చే లాటిన్ మాట. సాధారణంగా రెండు తలల గద్ద బొమ్మలలో తలలు ఒకటి ఇటు, ఒకటి అటు చూస్తాయి, రియెకా గద్ద తలలు రెండూ ఒకే వైపు చూస్తాయి. 1906లో గోపురం మీద నిలిపిన లోహపు గద్దకు ఆస్ట్రియా వాసన కొడుతున్నదని దానున్‌జియో సైనికులు 1919లో ఒక తల నరికివేశారు. మిగిలిన దానిని కమ్యూనిస్టులు 1949లో దించేశారు. 2017లో కొత్తగా చేయించి రెండు తలలతోనే మళ్లీ ఎక్కించారు.

#7 జాతర మనిషి

సంస్కృతి గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటాను. ఏటా శీతకాలం చివర, క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు జరిగే కార్నివాల్ రియెకాకు పెద్ద పండుగ. పాత సంప్రదాయమే అయినా ఇప్పటి ఊరేగింపును 1982లో మూడు వేషధారుల బృందాలతో పునరుద్ధరించారు. నేడు వేలాదిమంది పాల్గొంటున్నారు. నన్ను కట్టిపడేసినది మాత్రం ఊరి వెనుక కొండల మీది కస్తావ్ ప్రాంతం నుంచి దిగివచ్చే జ్వోన్‌చారీలు, అంటే గంటలవారు. 2009లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది.

ఒక ఫిబ్రవరిలో కోర్జో అనే నడకవీధిలో నిలబడి చూశాను. మనిషి కనిపించకముందే చప్పుడు వచ్చింది. తెల్ల ప్యాంటు, చారల చొక్కా, భుజాల మీద బొచ్చుతో ఉన్న గొర్రెచర్మం, నడుముకు వెనుక వైపు మోకాలి దాకా వేలాడే గంట. హలూబ్యే ఊరివారి ముఖాల మీద కొమ్ములతో, బయటకు వేలాడే ఎర్రని నాలుకతో జంతువుల తలలు ఉంటాయి. మిగిలిన ఊళ్లవారు పూలు కుట్టిన టోపీలు పెట్టుకుంటారు. వారు గంటను చేత్తో కొట్టరు. పక్కవాడి తుంటిని తమ తుంటితో తాకుతూ, అడుగు అడుగుకూ నడుము విదిలిస్తూ నడుస్తారు, ఆ విదిలింపుకే గంట మోగుతుంది. వందమంది ఒక్కసారిగా అలా కదిలితే ఆ మోత చెవులతో కాక పక్కటెముకలతో వినిపిస్తుంది. చలిని, కీడును తరిమి వసంతాన్ని పిలవడం దాని ఉద్దేశం. పోతరాజు కొరడా విదిలింపు చూస్తూ పెరిగినవాడిని కనుక ఆ మోత ఎవరి మీద ఎక్కుపెట్టినదో నాకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

మరొకటి మోర్చిచ్. నల్లని ముఖం, తెల్లని తలపాగా ఉన్న చిన్న ఎనామెల్ బొమ్మను చెవిపోగుగా ధరిస్తారు. తురుష్క సేన మీదకు వచ్చినప్పుడు స్త్రీల మొర విని ఆకాశం రాళ్లు కురిపించిందనీ, ఆ రాళ్ల గుట్టల నుంచి తలపాగాలు మాత్రమే పైకి కనిపించాయనీ అక్కడి కథ. వెనిస్ నగల తీరు ఏడ్రియాటిక్ ఒడ్డున దిగుమతి అయిందన్నది మరింత నమ్మదగిన వివరణ అని నా అభిప్రాయం. కథ మాత్రం బాగుంది.

#8 మూడో ఇంజనీరు

సరుకు ఓడలలో పనిచేసే నేను రియెకాకు రెండుసార్లు వెళ్లాను కనుక ఇప్పటి సంగతి రాస్తాను. మొదటిసారి క్వార్నెర్ అఖాతంలో లంగరు వేసి ఒకటిన్నర రోజు వేచి ఉన్నాము. ఆకాశంలో మబ్బు లేదు, ఎండ కాస్తున్నది, అయినా కొండల మీద నుంచి బురా అనే చలిగాలి విసిరికొట్టినట్టు దిగుతున్నది. నీటి తుంపర పొగలా లేచి కొట్టుకుపోతుంటే డెక్కు మీద నిలబడడమే కష్టమైంది. క్ర్క్ దీవికి పోయే వంతెనను అటువంటి రోజులలో వాహనాలకు మూసివేస్తారు. 1980లో పూర్తయిన ఆ వంతెన పెద్ద కమాను 390 మీటర్లు. కట్టిన కాలానికి కాంక్రీటు కమానులలో ప్రపంచంలో అదే పొడవైనది.

ఉత్తరతీరం గారి సూత్రం నేటికీ పనిచేస్తున్నది. సరుకు కంటెయినర్లలో చాలా భాగం క్రొయేషియాకు మాత్రమే కాక హంగరీ, సెర్బియా, స్లొవాకియా వైపు పోతుంది. రేవు దగ్గర సహజంగానే లోతు ఎక్కువ, పెద్ద ఓడలు ఇబ్బంది లేకుండా వస్తాయి. లోటు అంతా రైలుమార్గంలో ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో కొండ ఎక్కించిన ఆ ఒకే లైను ఉన్న నిటారు మార్గం మీదనే ఇప్పటికీ బండ్లు పోవాలి. స్లొవేనియా రేవు కోపెర్, ఇటలీ రేవు ట్రియెస్టే ఆ లోటును బాగా వాడుకున్నాయి. చమురు గొట్టపు మార్గం, 2021లో క్ర్క్ దీవి మీద ఒమిషాల్ దగ్గర మొదలైన ద్రవీకృత సహజవాయు టెర్మినల్ రెండూ లోతట్టు దేశాల అవసరాల కోసమే. హంగరీకి మళ్లీ ఆ వాకిలి పనికివచ్చింది, ఈసారి గోధుమపిండి బదులు గ్యాసు.

#9 సూషాక్ గట్టు

రియెకాలో మూడేళ్లుగా ఉంటున్నాను. రేవు బాగుపడితే ఊరు బాగుపడుతుందన్న లెక్క ఇక్కడ సరిపోవడం లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. 1991లో 1 లక్ష 65 వేలకు పైగా ఉన్న జనాభా 2021 లెక్కలలో సుమారు 1 లక్ష 8 వేలకు దిగింది. చుట్టుపక్కల ఊళ్లు విడిపోవడం కొంత కారణమైనా, కర్మాగారాలు మూతపడడం, 2013లో ఐరోపా సమాఖ్యలో చేరాక యువతరం ఐర్లండ్‌కూ జర్మనీకీ తరలిపోవడం అసలు కారణాలు. కంటెయినర్ రేవుకు క్రేన్లు కావాలి గానీ, పాతకాలంలోలాగా వేలమంది మనుషులు అక్కరలేదు.

జలగర్భం గారు చెప్పిన కర్మాగారం యుద్ధం తరువాత 1966 దాకా టార్పెడోలు చేసి, డీజిల్ ఇంజన్లు, ట్రాక్టర్లు చేసి చివరకు ఆగిపోయింది. ర్యెచినా లోయలో 1821లో మొదలై, సిగరెట్ కాగితానికి పేరుపడిన హార్తెరా కాగితపు మిల్లు 2005లో మూతపడింది. నౌకానిర్మాణశాలకు 1945లో ఊరు విముక్తమైన తేదీనే పేరుగా పెట్టారు, "మే 3". అది కూడా అప్పులతో, నిలిచిపోయిన జీతాలతో ఈడ్చుకువచ్చింది. నేను తరచుగా వెళ్లే భవనం ఒకటున్నది: పద్దెనిమిదవ శతాబ్దంలో చక్కెర శుద్ధి కంపెనీ భవంతి, తరువాత ఎక్కువగా ఆడవారే పనిచేసిన పొగాకు కర్మాగారం, ఆ తరువాత మోటార్ల ఫ్యాక్టరీ, ఇప్పుడు నగర మ్యూజియం. 2020లో రియెకా ఐరోపా సాంస్కృతిక రాజధాని అయిన సందర్భంగా దానిని అందంగా తీర్చిదిద్దారు. ప్రారంభోత్సవం జరిగిన కొద్ది వారాలకే కరోనా వచ్చి ఆ ఏటి కార్యక్రమాలు చాలావరకు ఎగిరిపోయాయి. పనిచేసే గోడలన్నీ ప్రదర్శనశాలలు కావడాన్ని అభివృద్ధి అనాలా అన్నది ఇక్కడి పాత కార్మికులు కాఫీ దగ్గర తరచుగా అడిగే ప్రశ్న.

భారతదేశానికి సంబంధించిన మరొక వస్తువు కూడా ఈ రేవులో ఉన్నది. టిటో 1954లో బొంబాయికి వచ్చిన గాలెబ్ నౌక ఇదే. 1938లో ఇటలీలో అరటిపండ్లు మోయడానికి కట్టిన ఓడ అది. నగరపాలక సంస్థ కొని, మ్యూజియంగా మార్చింది.

#10 ఉత్తరతీరం

సూషాక్ గట్టు గారి అభ్యంతరం సరైనదే. రేవుకు నేల కావాలన్నాను గానీ, రేవు సంపాదన ఊరికి చేరడం వేరే సంగతి అన్నది నా మొదటి టపాలో లేదు. 1913లో ఆ రెండూ ఒకటే, ఇప్పుడు కావు. నా శీర్షికలోని ప్రశ్న సగమే అడిగింది.

#11 జలగర్భం

మూడో ఇంజనీరు గారికి ఒక విన్నపం. పాత టార్పెడో ప్రయోగ కేంద్రం రియెకాకు పడమటి వైపున, నీటిలోకి చొచ్చుకువచ్చిన కాంక్రీటు శిథిలంగా మిగిలి ఉన్నది. టార్పెడోను అక్కడి నుంచి వదిలి, అది సరిగ్గా పోతున్నదో లేదో పరీక్షించేవారు. ఓడ మీద నుంచి కనిపిస్తే ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టగలరా? చదవడమే తప్ప నేను చూడలేదు.

#12 మూడో ఇంజనీరు

మార్చిలో మళ్లీ ఆ మార్గమే ఉన్నది, జలగర్భం గారూ. కంటెయినర్ రేవు తూర్పున, మీరు చెప్పిన శిథిలం పడమట. షిఫ్టు ముగిశాక బస్సులో వెళ్లి తీస్తాను, బురా వీయకపోతే.